ఆపే ముందు ఒక్క నిమిషం

చించినాడ వంతెన సగం ఎక్కాక
ఈల ఆగిపోయింది.
పదమూడేళ్లుగా వింటున్న సన్నటి ఈల,
రెండో గేరు దాటగానే
పక్కసీట్లో ఎవరో కూర్చుని
పళ్ల సందుల్లోంచి ఊదినట్టుండేది.
అద్దంలో చూస్తే వెనక వశిష్ఠ లేదు,
లంకలు లేవు,
నీలంగా పొగ.

లారీవాడు హారన్ కొట్టి, తిట్టి, దాటిపోయాడు.
డిక్కీలో ఇరవై రెండు సీసాల చెరువు నీళ్లు,
సీసాకో రైతు పేరు.
నడిచే మనిషి వేగంతో
వంతెన దిగాను.

పాలకొల్లులో జిలానీ షెడ్డు.
గొట్టం ఊడదీసి
పెన్సిలంత ఇరుసుని వేలితో కదిపి చూపించాడు.
ఊడబోయే పాలపన్నులా ఊగుతోంది.
"కొత్తదైతే ముప్పై ఎనిమిది వేలండి.
పాత బండిలోంచి తీసింది దొరికితే పదహారు.
మొత్తం బండి అమ్మినా లక్ష దాటదు,
ఆ మాట ముందే చెప్పేస్తన్నా."
చెప్పి, టీ తెప్పించాడు.

ఇంకో మాట కూడా అన్నాడు.
"అసలు మనకెందుకండి టర్బో?
కొండలా, గుట్టలా?
కాలవ గట్టు దిగితే చేను, చేను దాటితే చెరువు.
తీసి పక్కన పెట్టేద్దాం.
నడుస్తాది. మెల్లగా నడుస్తాది."

నిజమే.
ఇక్కడ ఎత్తు అంటే వంతెనలే.
మిగతాదంతా ఏరు తెచ్చి పరిచిన మట్టి.
మెల్లగా నడిచే బండికి సరిపోయే నేల.

కానీ తెల్లవారుజామున మూడింటికి
రొయ్యకి ఊపిరాడదు.
కరెంటు పోయి, ఏరేటర్లు ఆగి,
జనరేటర్ మొరాయించి,
చెరువు చెరువంతా మీసాలు పైకెత్తి
నీటి అంచుకి వచ్చేస్తుంది.
ఫోను మోగుతుంది: "సుజ్ఞానమ్మా, బయల్దేరావా?"
మీటరు ముంచితే మూడు. రెండున్నర. రెండు.
అంకె దిగేకొద్దీ
పెద్దిరాజు గారి గొంతు కూడా దిగడం
నేను విన్నాను.

జిలానీకి ఇదంతా చెప్పలేదు.
అతనే నాకు చెప్పాడు,
నత్తగుల్లలాంటి ఆ ఇనుపముద్దని బల్ల మీద తిప్పుతూ:
ఇటు చక్రం ఇంజను వదిలేసిన పొగకి తిరుగుతుంది,
అటు చక్రం దానితోపాటు తిరిగి
కొత్త గాలిని లోపలికి తోస్తుంది.
వదిలేసిన ఊపిరితోనే
వచ్చే ఊపిరిని లాక్కోవడం.
ఓహో, అనుకున్నాను,
ఇన్నాళ్లూ బానెట్ కింద కూడా
ఒక ఏరేటర్ని మోసుకు తిరిగానన్నమాట.

రాత్రి లెక్క వేశాను, శాంపిళ్ల పుస్తకం వెనకట్ట మీద.
చీటీ పాడితే నలభై చేతికొస్తాయి, నష్టానికి.
క్లచ్చి ఇవాళో రేపో.
టైర్లు రెండు అరచేయిలా నున్నగా ఉన్నాయి.
ముసలిదానికి ఊపిరితిత్తి మార్చాక
మోకాళ్లు పోతే?
మూడుసార్లు కూడాను.
మూడుసార్లూ వద్దనే వచ్చింది.

పొద్దున్నే వెళ్లి
"పదహారుదే వెయ్యి" అన్నాను.
ఎందుకని అడగలేదు.
అడిగితే నా దగ్గర జవాబు లేదు.
"ఇది ఎందుకు పోయిందో తెలుసాండి?
రోడ్డంతా లాక్కొచ్చి
టక్కున తాళం తిప్పేసి దూకేస్తారు మీరు.
లోపల చక్రం ఇంకా తిరుగుతానే ఉంటాది.
ఆయిలు ఆగిపోతాది. ఎర్రగా కాలి, కాలి..."
వేలితో మళ్లీ ఆ ఇరుసుని కదిపాడు.
"ఆపే ముందు ఒక్క నిమిషం ఉంచాలండి."

ఇవాళ కేశవదాసుపాలెం పక్కన చెరువు.
వంతెన మీద ఈల వచ్చింది,
పాతది కాదు, కొంచెం బొంగురు,
ఏ ఊరి బండి గొంతో.
గట్టు మీద రైతు లుంగీ ఎగ్గట్టి
పరిగెత్తుకొస్తున్నాడు.
తాళం మీద చెయ్యి పెట్టాను. తీసేశాను.
ఇంజను అలాగే వదిలి దిగాను.

"బండి ఆపలేదండి!" అన్నాడు రొప్పుతూ.
"తెలుసు."
మెట్టు మీద కూర్చుని మీటరు ముంచాను.
అంకె ఒకచోట నిలబడడానికి
దానికీ ఒక నిమిషం పడుతుంది.